స్వచ్ఛంద సంస్థలో ఏఐ: సిబ్బంది నిలవాలంటే ఎలా వాడాలి

చిన్న స్వచ్ఛంద సంస్థలు నిధులు ఆగినప్పుడే కాదు, పని తెలిసిన మనిషి మానేసినప్పుడూ కుంటుపడతాయి. అందుకే ఏఐ సాధనం కొనే ముందు సిబ్బంది సమయం ఎటు పోతోందో చూడండి. రెండు వారాల పాటు ప్రతి ఒక్కరూ ఏ అరగంటలో ఏం చేశారో రాసి పెట్టాలి. ఇది పనితీరు లెక్క కాదని ముందే చెప్పండి. లేదంటే కాగితం మీద అందరూ ఊపిరాడని పనిలోనే ఉంటారు.

ఆ చిట్టాలోంచి మొదట ఒక్క పనే ఎంచుకోండి. అది వారం వారం వచ్చేదై, తప్పు దొర్లితే కంటికి కనబడేదై ఉండాలి. మీటింగ్ మినిట్స్, దాతలకు కృతజ్ఞతా లేఖల చిత్తుప్రతి, ఫీల్డ్ రిపోర్టుల సారాంశం లాంటివి పనికొస్తాయి. సాయం ఎవరికివ్వాలి, ఉద్యోగం ఎవరికివ్వాలి అన్నవి మాత్రం మనుషులే తేల్చాలి. నియామకాల కోసం అమెజాన్ తయారు చేసుకున్న సాధనం పాత దరఖాస్తుల నుంచి నేర్చుకుని మహిళలకు తక్కువ మార్కులు వేసిన సంగతి 2018లో బయటపడింది.

ఫీల్డ్ రిపోర్టులే తీసుకుందాం. లబ్ధిదారుల పేర్లు తీసేసి ల-01, ల-02 అని కోడ్లు పెట్టండి. ఏ కోడ్ ఎవరిదో వేరే ఫైల్లో ఉండాలి. పేరొక్కటి తీస్తే చాలదు. ఊరు, వయసు, జబ్బు ఒకేచోట ఉంటే మనిషెవరో ఇట్టే తెలిసిపోతుంది. వయసు బదులు 40-50 అని రాయండి, ఊరి పేరు తీసేయండి. తర్వాత ఏఐని ఇలా అడగండి: "కింది రిపోర్టుల్లో ఉన్నదే రాయి. ప్రతి అంకె పక్కన అది ఏ రిపోర్టులోదో చూపించు. లేనిచోట 'సమాచారం లేదు' అని రాయి." ఆ చివరి వాక్యం లేకపోతే ఏఐ ఆ ఖాళీని నిజంలా కనిపించే అంకెతో నింపేసే ప్రమాదం ఎక్కువ. ఉన్నా సరే, ప్రతి అంకెనూ ఒకరు అసలు రిపోర్టుతో సరిచూడాల్సిందే. కూడికలు స్ప్రెడ్‌షీట్‌లోనే చేయండి. మూడు గంటల పనిని సరిచూడటానికే రెండున్నర గంటలు పడుతుంటే అక్కడ ఏఐ దండగ.

అసలు లాభం హ్యాండోవర్‌లో, అంటే ఒకరి పనిని మరొకరికి అప్పగించడంలో ఉంది, దాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. ప్రతి ఉద్యోగీ నెలకోసారి తన పనుల్లో ఒకటి చేస్తూ, ఏం చేస్తున్నదీ పైకి చెబుతూ ఫోన్లో రికార్డు చేయాలి. దాన్ని రాతలోకి మార్చి, వరుస క్రమంలో రాయమని ఏఐకి ఇవ్వండి. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో చెప్పకూడదు. తర్వాత ఆ పని ఎన్నడూ చేయని సహోద్యోగి కాగితం చూసి చేయాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ రాతలో లోపం ఉన్నట్టే: గ్రాంట్ ఫారంలో ఏ గడి ఖాళీగా వదలాలి, గడువు దాటితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవే సాధారణంగా తప్పిపోతాయి.

ఏఐ వల్ల మిగిలిన గంటలు ఎటు పోతాయో సిబ్బందికి ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఉద్యోగం పోతుందన్న భయం ఉంటే ఎవరూ తమ పని రికార్డు చేయరు. మనిషి స్థానంలో యంత్రాన్ని కూర్చోబెట్టడం సంస్థకూ ముప్పే. అమెరికాలో ఈటింగ్ డిజార్డర్ల (తిండి, బరువు గురించిన మానసిక రుగ్మతల) బాధితుల కోసం పనిచేసే నేడా అనే సంస్థ 2023లో హెల్ప్‌లైన్ మూసేస్తున్న రోజుల్లోనే, దాని చాట్‌బాట్ టెస్సా బరువు తగ్గే సలహాలిస్తోందని తేలి ఆపేయాల్సి వచ్చింది.

ఏఐ సాధనం ఖాతా సంస్థ ఈమెయిల్‌తోనే తెరవండి. దాని చందాను (సబ్‌స్క్రిప్షన్ ఖర్చును) ఒక్క ప్రాజెక్టు గ్రాంట్‌లో పెడితే, ఆ గ్రాంట్‌తో పాటే సాధనమూ పోతుంది. మూడు నెలల తర్వాత అదే అరగంటల చిట్టా మళ్లీ రాయించి, గంటలు తగ్గకపోతే చందా ఆపేయండి.