పాచికలు లేని ఆట – 3వ పాఠం: 36 ముక్కల కట్ట

పోయిన పాఠంలో మూడు నాణేలు ఎగరేసి 1 నుంచి 8 దాకా అంకెలు రాబట్టాం. ఈసారి ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, పడిన అంకెలు కూడే పని పేకముక్కలతో చేయిద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే.

2 నుంచి 12 దాకా 11 ముక్కలు రాసుకుంటే చాలు కదా అనిపిస్తుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆట పాడైపోయింది, ఎందుకంటే 7 ఎంత తరచుగా వచ్చిందో 2 కూడా అంతే వచ్చింది. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 7 పడే దారులు ఆరు. 2కి ఒక్కటే దారి. ఆ తేడా కట్టలోకి రావాలి.

గట్టి అట్టని ఒకే కొలతలో 36 ముక్కలు కోయండి. 7 అని ఆరింటి మీద రాయండి. 6, 8 అయిదేసి, 5, 9 నాలుగేసి, 4, 10 మూడేసి, 3, 11 రెండేసి, 2, 12 ఒక్కొక్కటి. తలకిందులైనా తేడా తెలిసేలా 6, 9 కింద గీత పెట్టండి. సిరా వెనక్కి దిగకూడదు. ఒక్క ముక్కకి మరక పడినా అదేమిటో అందరికీ తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతి. పాచికకి జ్ఞాపకం ఉండదు. వరసగా 12 సార్లు వేసినా ఒక్క 7 కూడా పడకపోవడం నూటికి 11 సార్లు జరుగుతుంది. కట్టలో తీసిన ముక్క పక్కన పెడతాం కాబట్టి 7 రాకపోయిన కొద్దీ వచ్చే అవకాశం పెరుగుతుంది. 12 తీతల్లో ఒక్కటీ రాకపోవడం నూటికి 7కి తగ్గిపోతుంది.

కానీ ఈ జ్ఞాపకం ఎక్కువైతే ఆట చచ్చిపోతుంది. కట్టలో మూడే మిగిలాయి, 8లు అయిదూ బయటికి వచ్చేశాయి అనుకోండి. 8 కోసం ఎదురుచూస్తున్న మనిషి ఇక ముక్క వైపు కూడా చూడడు. అందుకే అయిదు ముక్కలు అడుగున పెట్టి, వాటి మీద ఖాళీ ముక్క ఒకటి ఉంచి, మిగతా 31 పైన పేర్చండి. ఖాళీ ముక్క కనపడగానే అన్నీ మళ్ళీ కలపండి. కటాన్ అనే బోర్డు ఆటలో పాచికలకి బదులు వాడే ఈవెంట్ కార్డుల్లోనూ ఈ ఏర్పాటే ఉంది. ఆగిపోయేవి అయిదే, 7లు ఆరు. అంటే ప్రతి విడతలో కనీసం ఒక 7 వచ్చి తీరుతుంది. ఆ 7 కోసం అందరూ కట్ట వైపు ఒంగి చూడటం నాకు చాలా ఇష్టం.

అచ్చం పాచికలాగే ఉండాలంటే మాత్రం తీసిన ప్రతిసారీ ముక్క వెనక్కి పెట్టి కలపాలి. చేతులు నొప్పెడతాయి, లాభమూ లేదు.

అభ్యాసం: మామూలు పేకలోంచి బొమ్మలు, జోకర్లు తీసేయండి. ఆసు నుంచి 10 దాకా 40 మిగులుతాయి. ఎర్రవి ఉన్నవి ఉన్నట్టు చదవండి, నల్లవాటికి 10 కలపండి. 20 ముఖాల పాచిక తయారైనట్టే, ప్రతి అంకె రెండుసార్లు ఉంటుంది. అడుగున ఒకసారి 4 ముక్కలు, ఇంకోసారి 12 ముక్కలు ఆపి ఆడి చూడండి. వచ్చిన అంకెలన్నీ రాసి ఉంచుకోండి, ముందు రాబోయే తిరుగుడు ముల్లు పాఠంలో వాటితో పని ఉంది.