సర్వర్ సబ్‌స్క్రిప్షన్లన్నీ ఒక్క ఖాతాకి, ఒక్క తేదీకి తేవడం ఎలా

విజయవాడ ఆటోనగర్‌లో హెడ్డాఫీసు, గుంటూరులో బ్రాంచి, రెండు చోట్లా కలిపి ఏడెనిమిది సర్వర్లు. ఇలాంటి కంపెనీల్లో విండోస్ సర్వర్ లైసెన్సులు ఊళ్లోని డీలర్ దగ్గర, రెడ్‌హ్యాట్ లినక్స్ హైదరాబాద్ డీలర్ దగ్గర, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎండీ గారి క్రెడిట్ కార్డు మీద నడుస్తుంటాయి. ఒక్కోదాని గడువు ఒక్కో నెలలో. వీటిని కలపడం కష్టమేమీ కాదు, కానీ వరస తప్పితే ఒకే సర్వర్‌కి రెండుసార్లు డబ్బు కడతారు.

ముందు బిల్లుల ఫైలు తీయకండి. ఏం కొన్నారో బిల్లు చెబుతుంది, ఏం నడుస్తోందో సర్వరే చెబుతుంది. ఎక్సెల్ షీట్‌లో ఒక్కో మెషీన్‌కి ఒక వరస పెట్టండి: పేరు, ఏ ఊళ్లో ఉంది, ఫిజికలా వర్చువలా (సాఫ్ట్‌వేర్‌తో ఒక సర్వర్ లోపల సృష్టించిన మెషీనా), వర్చువలైతే ఏ హోస్ట్ (దాన్ని నడిపే అసలు సర్వర్) మీద ఉంది, ఎన్ని ప్రాసెసర్లు, ఒక్కోదాంట్లో ఎన్ని కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు), ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ వెర్షన్, ఆ మెషీన్ ఆగితే ఎవరి పని ఆగుతుంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ చూసి రాసేటప్పుడు ‘లాజికల్ ప్రాసెసర్స్’ అంకె రాసేయకండి. హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్‌ను రెండుగా వాడుకునే ఏర్పాటు) ఉంటే అది అసలు కోర్లకి రెట్టింపు చూపిస్తుంది. విండోస్ లైసెన్సు అసలు కోర్లకే. ఈ ఒక్క పొరపాటుతో కొటేషన్ రెండింతలవుతుంది.

షీట్ పూర్తయ్యాక ముసలి వెర్షన్లను పక్కకు తీయండి. విండోస్ సర్వర్ 2012 ఆర్2కి మద్దతు 2023 అక్టోబర్ 10న, సెంటాస్ 7 అనే ఉచిత లినక్స్‌కి 2024 జూన్ 30న ముగిసింది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016కి 2026 జూలై 14, విండోస్ సర్వర్ 2016కి 2027 జనవరి 12 ఆఖరి తేదీలు. మార్చేయాల్సిన మెషీన్‌కి మూడేళ్ల రెన్యువల్ కొనకండి.

ఇక లెక్క. అసలు డబ్బంతా ఇక్కడే పోతుంది, ఎందుకంటే ఒక్కో కంపెనీ కొలత ఒక్కోలా ఉంటుంది. రెండు ప్రాసెసర్లు, ఒక్కోదాంట్లో 10 కోర్లున్న సర్వర్‌ను తీసుకుందాం. మైక్రోసాఫ్ట్ లెక్కలో అది 20 కోర్లు. (ప్రాసెసర్‌కి కనీసం 8, సర్వర్‌కి కనీసం 16 కోర్లకు కొనాలి.) వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్ లెక్కలో అదే సర్వర్ 32 కోర్లు, ఎందుకంటే వాళ్ల కనీసం ప్రాసెసర్‌కి 16. రెడ్‌హ్యాట్ లెక్కలో అది ఒక సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) జత, అంతే. కొత్త సర్వర్ కొనేముందే ఈ మూడు లెక్కలూ వేయాలి. వీఎంవేర్ నడిపేవాళ్లు 8 కోర్ల ప్రాసెసర్లు రెండు కొంటే, లేని 16 కోర్లకి ఏటా డబ్బు కడుతున్నట్టే.

విండోస్ సర్వర్ స్టాండర్డ్‌తో, కోర్లన్నిటికీ ఒకసారి లైసెన్సు కొంటే రెండు వర్చువల్ మెషీన్లు నడపవచ్చు. నాలుగు కావాలంటే కోర్లన్నిటికీ మళ్లీ కొనాలి, అంటే పై సర్వర్‌కి 40 కోర్లు. ఒకే హోస్ట్ మీద మెషీన్లు పదీ పన్నెండు దాకా వస్తున్నాయంటే డేటాసెంటర్ ఎడిషన్ కొటేషన్ కూడా అడగండి, అందులో వాటి సంఖ్యకు పరిమితి లేదు. యూజర్లకో డివైజ్‌లకో తీసుకునే క్లయింట్ లైసెన్సులు వీటికి అదనం. షిఫ్టుల్లో ఒకే కంప్యూటర్ మీద నలుగురు పనిచేసే చోట డివైజ్ లైసెన్సు చవక.

రెడ్‌హ్యాట్ సబ్‌స్క్రిప్షన్ ఒకటి రెండు సాకెట్ల ఫిజికల్ సర్వర్‌కైనా వస్తుంది, లేదా రెండు వర్చువల్ మెషీన్లకైనా వస్తుంది. ఇప్పుడున్న పద్ధతిలో కొన్నవాటికంటే ఎక్కువ మెషీన్లు రిజిస్టర్ చేసినా సిస్టమ్ అడ్డు చెప్పదు, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. అందుకే నెలకోసారి రెడ్‌హ్యాట్ పోర్టల్‌లోని సంఖ్యను మీ షీట్‌తో సరిచూసుకోవాలి. టెంప్లేట్ (కాపీలు తీయడానికి ఉంచే నమూనా మెషీన్) నుంచి మెషీన్లు తయారుచేసేవాళ్లు, మెషీన్‌ను టెంప్లేట్‌గా మార్చేముందు రెడ్‌హ్యాట్ సబ్‌స్క్రిప్షన్ మేనేజర్‌లో క్లీన్ కమాండ్ ఇవ్వాలి. లేకపోతే కాపీలన్నీ ఒకే గుర్తింపుతో వెళ్లి, పోర్టల్‌లో ఒక్క మెషీన్‌లా కనిపిస్తాయి.

ఖాతాల సంగతి అన్నిటికంటే ముఖ్యం. లైసెన్సు పోర్టల్‌లో అడ్మిన్ ఈమెయిల్ ఎవరిదో చూడండి. చాలా చోట్ల అది డీలర్ పెట్టిన మెయిలో, ఉద్యోగం మానేసిన కుర్రాడి జీమెయిలో అయి ఉంటుంది. గడువు హెచ్చరికలు అక్కడికే పోతాయి. కంపెనీ సొంత డొమైన్ మీద ‘లైసెన్సెస్’ అని ఒక ఉమ్మడి మెయిల్‌బాక్స్ తెరిచి, ఐటీ మనిషినీ అకౌంటెంట్‌నీ అందులో కలిపి, ప్రతి పోర్టల్‌లోనూ ఆ చిరునామానే ప్రధాన అడ్మిన్ చేయండి. రెండో అడ్మిన్ తప్పనిసరి. పాత ఖాతాలను కొత్తదాంట్లో కలపమని అడగడానికి కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరం, పాత ఇన్వాయిస్ నంబర్లు సిద్ధంగా ఉంచుకోండి. డీలర్‌ను మార్చే పనుంటే ఖాతా మీ చేతికి వచ్చాకే మార్చండి.

తేదీ కలపడానికి ‘కో-టర్మ్’ కొటేషన్ అడగాలి. ముందుగా ముగిసేవాటిని ఏడాదికి కాకుండా ఉమ్మడి తేదీ వరకు మిగిలిన నెలలకే కొంటారు. ఆ తేదీ మార్చిలో పెట్టుకోకండి, ఏడాది ఆఖరి హడావుడిలో పేమెంట్లు ఆగుతాయి. జూన్ నెలాఖరు మంచిది. కొటేషన్ 90 రోజుల ముందు, పర్చేజ్ ఆర్డర్ 45 రోజుల ముందు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డీలర్ల ద్వారా ఏడాది సబ్‌స్క్రిప్షన్ కొంటే సంఖ్య తగ్గించుకోవడానికి మొదటి 7 రోజులే గడువు, కాబట్టి ఆర్డర్ వేసిన వారంలోనే ఇన్వాయిస్‌ను షీట్‌తో పోల్చండి.

కార్డు మీద ఉన్నవాటిని ఇన్వాయిస్ మీదికి మార్చండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ₹15,000 దాటిన ఆటో డెబిట్‌కి ప్రతిసారీ ఓటీపీ కావాలి. అది ఎవరూ చూడకపోతే పేమెంట్ ఫెయిలై బ్యాకప్ సర్వీస్ ఆగిపోతుంది. విదేశీ కంపెనీ దగ్గర నేరుగా కొన్నవాటికి రివర్స్ చార్జ్ కింద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. విజయవాడ, గుంటూరు రెండూ ఒకే రాష్ట్రం కాబట్టి 37తో మొదలయ్యే ఒకే జీఎస్టీ నంబర్ మీద ఇన్వాయిస్ తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో కూడా ఆఫీసుంటే దాని నంబర్ 36తో మొదలవుతుంది. బిల్లు పొరపాటున దాని మీద పడితే ఇక్కడ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మీ పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు. ఆసుపత్రులకు వైద్యసేవల మీద జీఎస్టీ మినహాయింపు ఉంది గనుక ఆ మేరకు క్రెడిట్ కూడా ఉండదు. వాళ్లు కొటేషన్లు పోల్చేటప్పుడు పన్ను కలిపిన ధరనే చూడాలి.

వర్చువల్ మెషీన్‌ను తీసేసేటప్పుడు ముందు అన్‌రిజిస్టర్, తర్వాత డిలీట్, ఆ రోజే షీట్‌లో వరస కొట్టివేత. ఈ మూడూ ఒకే మనిషికి అప్పగించండి.