స్టీమ్‌పంక్ ముంజేతి పట్టా: తోలు కోత నుంచి ఇత్తడి పళ్లచక్రాల దాకా

స్టీమ్‌పంక్ (విక్టోరియా కాలపు ఆవిరి యంత్రాల ఊహాలోకం) వేషానికి చేసే వస్తువు నిజంగా ఏ పనీ చేయనక్కర్లేదు. చూసినవాళ్లకి మాత్రం అది పనిచేస్తుందనే అనిపించాలి. తోలు మీద నాలుగు పళ్లచక్రాలు తెచ్చి అంటిస్తే ఆ నమ్మకం రాదు. ప్రతి చక్రం పక్క చక్రాన్ని తిప్పుతున్నట్టు, ప్రతి రివెట్ (పొరలని కలిపి బిగించే లోహపు మేకు) దేన్నో పట్టి ఉంచినట్టు కనబడాలి. ఇక్కడ చెప్పబోయేది మణికట్టు నుంచి మోచేతి కిందివరకు వచ్చే తోలు పట్టా. ఇది కుదిరితే బెల్టు, భుజం తొడుగు, గాగుల్స్ పట్టీ అన్నీ ఇవే మెళకువలతో వచ్చేస్తాయి.

తోలు

పై పొరకి వెజ్ ట్యాన్ తోలు తప్పనిసరి. చెట్టు బెరడులోని టానిన్లతో శుద్ధిచేసిన ఈ తోలు నీళ్లు పీలుస్తుంది, తడిగా ఉన్నప్పుడు వంచితే ఆరాక ఆ వంపులోనే నిలిచిపోతుంది, రంగు కూడా లోపలికి పడుతుంది. బ్యాగులకీ జాకెట్లకీ వాడే మెత్తటి క్రోమ్ ట్యాన్ తోలుకి ఈ గుణాలు లేవు. ఎంత తడిపి వంచినా మళ్లీ మొదటికే వస్తుంది. కొనేముందు కోసిన అంచు చూడండి. లోపల లేత గోధుమ రంగు ఉంటే వెజ్ ట్యాన్, బూడిదరంగు లేదా నీలం ఛాయ ఉంటే క్రోమ్. రంగు వేసిన తోలైతే అంచు చూసినా తేలకపోవచ్చు, అందుకే రంగు వేయనిదే కొనండి.

పై పొర మందం 2.8 మి.మీ. దగ్గర ఉండాలి. తోలు అమ్మేవాళ్లు ఔన్సుల్లో చెబితే ఒక ఔన్సు అంటే 0.4 మి.మీ. అని లెక్క, అంటే 7 ఔన్సుల తోలు అడగాలి. 2 మి.మీ. కంటే పలచనైతే పట్టా చేతిమీద ముడతలు పడుతుంది. 4 మి.మీ. దాటితే వంచడం కష్టం. పట్టీలకి 2.4 మి.మీ. చాలు. లోపలి అస్తరుకి 1 నుంచి 1.2 మి.మీ. మేక తోలు బాగుంటుంది. అస్తరు మాత్రం క్రోమ్ ట్యాన్ అయినా ఫరవాలేదు, పైగా చెమటకి అదే బాగా తట్టుకుంటుంది.

నమూనా

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. వేషంలో ఏ చొక్కా తొడుగుతారో అది తొడుక్కునే కొలతలు తీయండి. మణికట్టు చుట్టుకొలత, మోచేతికి రెండంగుళాల కింద చుట్టుకొలత, ఈ రెంటి మధ్య పొడవు కావాలి. ఉదాహరణకి 18 సెం.మీ., 26 సెం.మీ., 20 సెం.మీ. అనుకుందాం. చేతి లోపలివైపు బకిళ్ల కోసం 3 సెం.మీ. ఖాళీ వదలాలి కాబట్టి తోలు వెడల్పు మణికట్టు దగ్గర 15, పైన 23 సెం.మీ. అవుతుంది.

ఈ నాలుగు మూలలనీ తిన్నటి గీతలతో కలిపితే చుట్టినప్పుడు పట్టా అంచులు వంకరపోతాయి. ముంజేయి శంకువు ఆకారంలో ఉంటుంది, అందుకే పై అంచు, కింది అంచు రెండూ విల్లులా వంగి ఉండాలి. పై కొలతలకైతే మణికట్టు అంచు మధ్యలో 6 మి.మీ. లోపలికి, మోచేతివైపు అంచు మధ్యలో 1 సెం.మీ. బయటికి వంపు ఇవ్వాలి. ముందు అట్టతో కోసి, చేతికి చుట్టి, పిడికిలి బిగించి, మోచేయి మడిచి చూడండి. మడిచినప్పుడు అంచు గుచ్చుకుంటే పొడవు 1 సెం.మీ. తగ్గించండి. మూలలని నాణెం పెట్టి గుండ్రంగా గీయండి, సూదిగా వదిలిన మూలలు మొదట పైకి లేస్తాయి.

కోత, రంధ్రాలు

అట్టని తోలు మీద పెట్టి ఆరె (తోలుకి రంధ్రాలు తీసే పిడి సూది) మొనతో గీసుకోండి. పెన్ను సిరా మళ్లీ పోదు. కత్తిని ఒక్కసారే గట్టిగా నొక్కకుండా అదే గీతమీద మూడుసార్లు తేలిగ్గా లాగితే అంచు నిటారుగా వస్తుంది. వంపుల దగ్గర కత్తిని కాకుండా తోలునే తిప్పండి.

తోలు బల్లపరుపుగా ఉన్నప్పుడే రంధ్రాలన్నీ కొట్టేయాలి. వంచాక వరస తప్పుతుంది. అంచునుంచి 4 మి.మీ. లోపల గాడి తీసి, 4 మి.మీ. ఎడమున్న కుట్టు పంచ్‌తో కొట్టండి. ప్రతిసారీ పంచ్ మొదటి పన్ను అంతకుముందు కొట్టిన చివరి రంధ్రంలో పెడితే వరస తప్పదు. మూలల దగ్గర రెండు పళ్ల పంచ్ వాడండి. కింద గట్టి రబ్బరు పలక, దాని కింద రాయి పెట్టి, కొయ్య సుత్తి లేదా ప్లాస్టిక్ సుత్తితో కొట్టాలి. ఇనుప సుత్తి దెబ్బకి పంచ్ తల చిట్లుతుంది.

తడిపి వంచడం

గోరువెచ్చని నీళ్లలో తోలుని పూర్తిగా ముంచండి. పైకొచ్చే బుడగలు ఆగగానే తీసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి గంటసేపు వదిలేయండి. బయటికి తీశాక పైభాగం రంగు తిరిగి లేతగా మారుతూ, చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతుంటే అదే అదను. నీళ్లు కారుతున్నప్పుడు వంచితే ఆకారం నిలవదు. మరీ ఆరాక వంచితే పైపొరలో సన్నటి పగుళ్లు వస్తాయి. అలా పగిలినదాన్ని బాగుచేయలేం.

అలంకారపు గీతలు, అచ్చులు వేయాలనుకుంటే ఈ అదనులోనే, వంచడానికి ముందే వేయాలి. తర్వాత తోలుని మీ చేతికి దగ్గరి లావున్న సీసాకో గొట్టానికో చుట్టి, వెడల్పాటి గుడ్డ పట్టీతో కట్టండి. సన్నటి తాడుతో కడితే దాని ముద్ర శాశ్వతంగా ఉండిపోతుంది. 24 గంటలు నీడలో ఆరనివ్వండి. తొందరపడి ఓవెన్‌లోనో వేడిగాలి కిందో పెట్టొద్దు. తడి వెజ్ ట్యాన్ తోలు 70 డిగ్రీలు దాటితే ముడుచుకుని చెక్కలా బిగుసుకుపోతుంది.

ఈ దశలో ఇనుము దగ్గరికి రానీయొద్దు. తడి తోలులోని టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లటి నీలం మరకలు పడతాయి. ఇనుప క్లిప్పు, స్టీలు పీచు ముక్క, తుప్పు పట్టిన గొట్టం, ఏదైనా చాలు.

రంగు

ఆల్కహాల్ ఆధారిత రంగుని దాని పలచన ద్రవంతో సగానికి సగం కలిపి, ఉన్ని ముక్కతో చిన్న చిన్న వలయాలుగా రుద్దండి. చిక్కటి రంగు ఒకే పూతగా వేస్తే మచ్చలు పడుతుంది, ఆరాక చొక్కాకీ అంటుతుంది. మూడు పలచటి పూతలు ఒక మందపు పూతకంటే ఎప్పుడూ మేలే. పాతబడిన రూపం కోసం మధ్యభాగం మామూలు గోధుమ రంగులో ఉంచి, అంచులు, రంధ్రాల చుట్టూ, బకిళ్లు వచ్చే చోట్ల ముదురు గోధుమ వేయండి. నిజంగా వాడిన తోలుకి మురికి చేరేది అక్కడే కదా. అచ్చుల గుంటల్లోకి యాంటిక్ పేస్టు (పాతబడిన రూపమిచ్చే ముదురు రంగు ముద్ద) రుద్ది పైది తుడిచేస్తే గీతలు తేలతాయి.

మర్నాడు పొడిగుడ్డతో, గుడ్డకి రంగు అంటడం ఆగేదాకా తుడవండి. ఈ పని మానేస్తే తెల్ల చొక్కా చేతులు గోధుమ రంగులోకి మారతాయి. తర్వాత నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే తోలు నూనె) ఒక్క పలచటి పూత వేసి, అది ఇంకాక అక్రిలిక్ ఫినిష్ రెండు పూతలు వేయండి. నూనె ఎక్కువైతే వంచిన ఆకారం సడలిపోతుంది.

అంచులని బెవెలర్‌తో (అంచు మొన చెక్కే చిన్న పనిముట్టు) చెక్కి, కొద్దిగా తడిపి, కొయ్య కర్రతో మెరిసేదాకా రుద్దండి. తేనెమైనం పూసి మళ్లీ రుద్దితే గాజులా నునుపు తేలుతుంది. పట్టీల అంచులు ఇప్పుడే రుద్దేయండి. పట్టా అంచులు మాత్రం అస్తరు కుట్టాకే.

పళ్లచక్రాలు

అసలు అందమంతా ఇక్కడే ఉంది, తీరిగ్గా చేయండి. మొదటి సూత్రం: కలిసి తిరిగే చక్రాల పళ్ల సైజు ఒకటే ఉండాలి. యంత్రాల భాషలో దీన్ని మాడ్యూల్ అంటారు. రెండు చక్రాల పళ్లు కూడి, మాడ్యూల్‌తో గుణించి, సగం చేస్తే వాటి కేంద్రాల మధ్య దూరం వస్తుంది. 0.5 మాడ్యూల్ ఇత్తడి చక్రాలు 40, 24, 32 పళ్లవి తీసుకుంటే మొదటి రెంటికీ మధ్య 16 మి.మీ., తర్వాతి రెంటికీ మధ్య 14 మి.మీ. రంధ్రాలని ఇంకో 0.2 మి.మీ. దూరంగా వేస్తే బిగుసుకోకుండా తిరుగుతాయి.

రెండో సూత్రం: మూడు చక్రాలని ఒకదానికొకటి తగిలేలా త్రికోణంలో పెట్టొద్దు. పక్కపక్కన కలిసిన చక్రాలు ఎదురెదురు దిశల్లో తిరగాలి, త్రికోణంలో అది కుదరదు, మూడూ బిగుసుకుపోతాయి. అది అలంకారానికే అయినా యంత్రాలు తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు. వరసగానో, వంకర వరసగానో పెట్టండి.

చక్రాలు కూర్చునేందుకు 0.8 మి.మీ. మందం ఇత్తడి రేకు, 40 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు కోయండి. అంచులని ఆకురాయితో నునుపు చేయకపోతే తోలునే కోసేస్తాయి. రేకుని చేతి పొడవునే పెట్టాలి, అడ్డంగా కాదు. పొడవునా ముంజేయి దాదాపు తిన్నగా ఉంటుంది. అయినా వంపు తిరిగిన పట్టా మీద రేకు పక్కలు 5, 6 మి.మీ. పైకి లేస్తాయి. ఆ సందులో 2.8 మి.మీ. తోలు పేలికలు రెండేసి పొరలు పెట్టి, వాటిలోంచే రివెట్లు దింపండి. రేకుని వంచితే చక్రాలు తిరగవు.

ఒక్కో చక్రానికి ఇత్తడి ఎం3 (3 మి.మీ. లావు) స్క్రూ, పైన కింద నైలాన్ వాషర్, వెనక లాక్ నట్ (వదులవకుండా పట్టే నట్). చక్రం మధ్య రంధ్రం 3 మి.మీ. కంటే పెద్దదైతే లోపల చిన్న ఇత్తడి గొట్టం తొడగండి, లేకపోతే చక్రం ఊగి పళ్లు తప్పుతాయి. స్క్రూ తల ఒంటి గాటుదే కావాలి. ప్లస్ గాటు స్క్రూలు 1930ల్లో వచ్చాయి, స్టీమ్‌పంక్ ఊహించుకునేది 1837 నుంచి 1901 వరకు సాగిన విక్టోరియా కాలాన్ని. జిప్పు, వెల్క్రో కూడా ఇందుకే కనబడకూడదు.

పాత గడియారాలు విప్పేవాళ్లకి రెండు హెచ్చరికలు. స్ప్రింగ్ చుట్టి ఉన్న డబ్బాని తెరవొద్దు, అది ఎగిరి వేళ్లు కోస్తుంది. ముందు నెమ్మదిగా దాని బిగువు వదిలించండి. 1960లదాకా తయారైన, చీకట్లో వెలిగే అంకెలున్న గడియారాల్లో రేడియం పూత ఉండొచ్చు. వాటిని విప్పనే వద్దు.

కొత్త ఇత్తడి మెరుపు తగ్గించాలంటే అసిటోన్‌తో దాని పైనున్న లక్క పొర తీసేయాలి, పొర మిగిలిన చోట రంగు మారదు. తర్వాత మూత డబ్బాలో అడుగున కొంచెం అమోనియా పోసి, ఉప్పు నీళ్లు చిలకరించిన ఇత్తడిని ద్రవానికి తగలకుండా వేలాడదీయండి. కొన్ని గంటల్లో గోధుమ, నీలి పచ్చ ఛాయలు వస్తాయి. ఆరుబయటే చేయండి, బ్లీచ్ దరిదాపుల్లో కూడా ఉండకూడదు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. కడిగి ఆరబెట్టి, ముందూ వెనకా పారదర్శక లక్క కొట్టండి.

కూర్పు

పట్టీలు, రేకు ముందు పై పొరకి రివెట్ చేసి, ఆ తర్వాతే అస్తరు అంటించాలి. అప్పుడు రివెట్ వెనకలు అస్తరు కింద దాగి చేతికి గీసుకోవు. రివెట్ కాడ పొడవు, కలిపే పొరల మందం కంటే 3 మి.మీ. ఎక్కువ ఉండాలి. పట్టా 2.8, పట్టీ 2.4 కలిస్తే 5.2, కాబట్టి 8 మి.మీ. కాడ. పొడవెక్కువైతే వంగి తల పక్కకి పోతుంది, తక్కువైతే నాలుగు రోజులకే ఊడుతుంది. పట్టీల వెడల్పు 20 మి.మీ., ఒక్కో చివర రెండు రివెట్లు. ఒకటే పెడితే పట్టీ తిరుగుతుంది. బకిల్ దగ్గర మడతపెట్టే భాగాన్ని కత్తితో సగం మందానికి చెక్కండి, బకిల్ ముల్లు కోసం 20 మి.మీ. పొడవు గాటు తీయండి.

అస్తరుని అంచుల చుట్టూ 1 సెం.మీ. పెద్దదిగా కోసుకోండి. రెండు వైపులా కాంటాక్ట్ సిమెంట్ (ఒక రకం జిగురు) పూసి, వేలికి అంటనంతగా ఆరాక అతికించాలి, సాధారణంగా 10 నుంచి 15 నిమిషాలు. పట్టాని వంపులోనే ఉంచి అతికించండి. బల్లపరుపుగా చాపి అతికిస్తే చుట్టినప్పుడు అస్తరు ముడతలు పడుతుంది. మిగులు కోసేయండి.

కుట్టుకి 0.8 మి.మీ. మైనపు పాలియెస్టర్ దారం, రెండు మొద్దు మొన సూదులు. చుట్టూ దాదాపు 78 సెం.మీ. కుట్టు వస్తుంది. ఒకే దారంతో కుట్టొద్దు, 40 సెం.మీ. కుట్టుకి 180 సెం.మీ. దారం చొప్పున రెండు విడతలుగా కుట్టండి. మొదటి రంధ్రంలో దారాన్ని సగానికి లాగి, ప్రతి రంధ్రంలోనూ ఎడమ సూది ముందు, కుడి సూది దాని వెనక దూర్చండి. ఈ వరస ఒక్కసారి మారినా ఆ కుట్టు వాలు తిరగబడి కనబడుతుంది. రెండో సూది మొదటి దారాన్ని గుచ్చకుండా చూసుకోండి, గుచ్చితే బిగించడం కుదరదు. అస్తరులో రంధ్రాలు కుడుతూనే ఆరెతో తీసుకోవాలి. చివర మూడు కుట్లు వెనక్కి కుట్టి, దారం కోసి, నిప్పు చూపించి కొస కరిగించండి. చివరగా రెండు పొరల అంచుని కలిపి సన్నటి గరుకు కాగితంతో సమం చేసి, రంగు వేసి, పట్టీల అంచుల్లాగే మైనంతో రుద్దండి.

వాడాక చెమట తుడిచి గాలికి ఆరనిచ్చి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా గుడ్డ సంచిలో ఉంచండి. ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. ఇత్తడి తోలుకి ఆనే చోట మైనంలాంటి పచ్చటి చిలుము కనిపిస్తే అది తోలులోని నూనెతో లోహంలోని రాగి కలవడం వల్ల వచ్చినదే. పొడి బ్రష్‌తో తుడిచి, ఆ చోట మళ్లీ లక్క పూయండి.