మొలాసిస్: ఎన్నోసారి కాచినదో తెలుసుకొని వాడే పద్ధతి

మొలాసిస్ అంటే పంచదార తీసేటప్పుడు మిగిలే చిక్కని పాకం. వంటవిధానంలో ‘ఒక కప్పు మొలాసిస్’ అని కనబడితే, ఏ మొలాసిస్ అన్న ప్రశ్న ముందుగా రావాలి. నాకు రాలేదు. తొలిసారి అల్లం కేకు చేసినప్పుడు, నలుపు ఎంత చిక్కగా ఉంటే రుచి అంత గాఢంగా ఉంటుందనుకొని, దొరికినవాటిలో అతి నల్లని సీసా తెచ్చి కప్పు నిండా పోశాను. కేకు చూడముచ్చటగానే పొంగింది గాని, ముక్క నోట్లో పెట్టుకుంటే ముందు చేదు, ఆ వెనుక ఉప్పదనం తగిలాయి. సీసా మీద రాసి ఉన్న ఒక్క మాటను చదివి ఉంటే ఆ కేకు దక్కేది. ఆ ద్రవం ఎన్నోసారి కాచిన తరువాత మిగిలినదో తెలిపే మాట అది.

చెరకును గానుగ రోలర్ల మధ్య నలిపి తీసిన రసానికి సున్నం కలిపి వేడిచేస్తే మలినాలు విడిపోయి అడుగుకు చేరతాయి. తేటపడిన రసాన్ని ఇగిర్చి, గాలి తీసేసిన పాత్రల్లో తక్కువ వేడికే మరిగేలా కాస్తే, చిక్కబడిన పాకంలో పంచదార పలుకులు కడతాయి. పలుకులూ పాకమూ కలిసిన ఆ ముద్దను చిల్లుల గోడ ఉన్న యంత్రంలో వేసి అతివేగంగా తిప్పినప్పుడు పలుకులు లోపలే నిలిచిపోయి, పాకం బయటికి చిమ్ముతుంది. ఆ పాకమే మొదటి మొలాసిస్. లేతరంగులో, తియ్యగా ఉంటుంది. అందులో ఇంకా బోలెడంత పంచదార ఉంటుంది కనుక మళ్లీ కాచి, మళ్లీ తిప్పుతారు. అప్పుడు మిగిలేది ముదురు రకం. మూడోసారి కాచాక ఖర్చుకు తగిన పంచదార రాదు గనుక అక్కడితో వదిలేస్తారు. ఆ చివరి మడ్డినే బ్లాక్‌స్ట్రాప్ అంటారు. విచిత్రమేమంటే, ఇంత పిండినా దాని బరువులో దాదాపు సగం చక్కెరలే ఉంటాయి. అయితే కాచిన ప్రతిసారీ పంచదార బయటికి పోతూ, లవణాలూ ఆమ్లాలూ వేడికి పుట్టిన నల్లని పదార్థాలూ లోపలే పోగుపడుతుంటాయి గనుక చేదు తీపిని మింగేస్తుంది. పంచదారను వేరుచేయకుండా రసం మొత్తాన్ని గట్టిపరిచే బెల్లానికీ దీనికీ ఉన్న తేడా కూడా ఇదే.

బీట్ దుంపల నుంచి పంచదార తీసేటప్పుడు కూడా మొలాసిస్ వస్తుంది గాని, దాని వాసన గిట్టక వంటకు వాడరు. అది పశువుల దాణాకూ, ఈస్ట్ పెంచడానికీ, ఆల్కహాలు తయారీకీ పోతుంది. ఇక సీసా మీద ‘గంధకం కలపనిది’ అని ఉన్న చెరకు రకాన్ని ఎంచుకోవడం మంచిది. లేత చెరకు రసానికి గంధకపు పొగ పట్టించే పద్ధతి ఒకటి ఉంది, దాని ఘాటు రుచిలో తెలిసిపోతుంది.

ఈ పేరు తేనెను సూచించే లాటిన్ మాట నుంచి పోర్చుగీసు మీదుగా వచ్చింది. తిప్పే యంత్రాలు రాకముందు, 19వ శతాబ్దం మధ్య వరకు, గట్టిపడిన పాకాన్ని శంకువు ఆకారపు మట్టి అచ్చుల్లో నింపి, అడుగున ఉన్న చిల్లు గుండా మొలాసిస్ కారిపోయేదాకా వారాల తరబడి ఉంచేవారు. కరీబియన్ దీవుల్లో బానిసల చెమటతో నడిచిన తోటల నుంచి అలా కారిన మొలాసిస్ పీపాల్లో అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్ చేరి రమ్ముగా మారేది. తన ఏలుబడిలో లేని దీవుల సరుకుపై గ్యాలనుకు 6 పెన్నీల సుంకం వేస్తూ బ్రిటన్ 1733లో చట్టం చేయగా, దొంగరవాణా దాన్ని నీరుగార్చింది. 1764లో సుంకాన్ని సగానికి తగ్గించి గట్టిగా వసూలు చేయబోతే అమెరికాలోని బ్రిటిష్ వలసరాజ్యాల్లో అసంతృప్తి రగిలింది. 1919 జనవరి 15న బోస్టన్‌లో 23 లక్షల గ్యాలన్లు పట్టే తొట్టి పగిలి, వీధులను ముంచెత్తిన మొలాసిస్‌లో 21 మంది ప్రాణాలు కోల్పోయారు. చలికి అది చిక్కబడుతున్నకొద్దీ చిక్కుకున్నవారిని బయటికి లాగడం మరీ కష్టమైంది.

చలికి చిక్కబడే ఆ గుణం వంటింట్లోనూ ఎదురవుతుంది. కొలిచే ముందు సీసాను గోరువెచ్చని నీటిలో కాసేపు నిలబెట్టి, కప్పుకు లోపల కాస్త నూనె రాస్తే, పోసినదంతా గోడకు అంటకుండా జారి వస్తుంది. కేకులకూ బిస్కెట్లకూ మొదటి రకం, మసాలా దండిగా పడే అల్లం కేకుకు రెండో రకం సరిపోతాయి. బ్లాక్‌స్ట్రాప్‌ను రై అనే ధాన్యంతో చేసే నల్లని రొట్టెల్లోనో, చిక్కని మాంసపు పులుసుల్లోనో చెంచాలతో కొలిచి వాడాలే తప్ప కప్పులతో కాదు. అందులో పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, ఇనుము ఉన్న మాట నిజమే, కానీ అది ఔషధమన్న ప్రచారాన్ని నేను పట్టించుకోను.

మొలాసిస్‌కు కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది. అందువల్ల కప్పుకు అర టీస్పూను వంటసోడా కలిపితే ఆ పులుపు విరిగి, పుట్టిన వాయువు పిండిని పొంగిస్తుంది. పంచదార బదులు వాడదలిస్తే, సగానికి మించి మార్చకూడదు. మార్చిన ప్రతి కప్పు పంచదారకూ ఒకటింబావు కప్పు మొలాసిస్ పోసి, మిగతా ద్రవాన్ని అయిదు టేబుల్‌స్పూన్ల మేరకు తగ్గించి, త్వరగా మాడకుండా ఓవెన్ వేడిని సుమారు 15 డిగ్రీల సెల్సియస్ దించాలి.

గోధుమరంగు పంచదార అయిపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. కప్పు తెల్ల పంచదార మీద ఒక టేబుల్‌స్పూను మొలాసిస్ వేసి ఫోర్కుతో నొక్కుతూ కలపాలి. మొదట్లో నల్లని ఉండలు కట్టి, ఇది కలవదేమో అనిపిస్తుంది. వేళ్లతో నలుపుతూ పోతే రెండు మూడు నిమిషాల్లో చారలు మాయమై, పిడికిట్లో నొక్కితే తడి ఇసుకలా ముద్దకడుతుంది. ముదురు రకం కావాలంటే రెండు టేబుల్‌స్పూన్లు వేయాలి.

చిక్కుడు గింజలను మొలాసిస్‌తో ఓవెన్‌లో ఉడికించే వంటకంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఇందులోని కాల్షియం, ఆమ్లం, చక్కెర మూడూ గింజ మెత్తబడకుండా అడ్డుకుంటాయి. గింజలను ముందే పూర్తిగా ఉడకబెట్టి ఆ తరువాత మొలాసిస్ పోస్తే, గంటల తరబడి ఓవెన్‌లో ఉన్నా చిదికిపోవు. పచ్చిగింజలకే పోస్తే సాయంత్రానికి కూడా పలుకుగానే ఉంటాయి. మాంసానికి పూతగా వాడేటప్పుడు చివరి పది నిమిషాల్లోనే రాయాలి, లేకుంటే లోపల ఉడకకముందే పైపొర మాడుతుంది.

వాడిన ప్రతిసారీ సీసా అంచును తడిగుడ్డతో తుడిచి మూత బిగించి, చల్లని చీకటి అరలో ఉంచాలి. తుడవకపోతే మూత అతుక్కుపోతుంది. బూజు పట్టినా, మూత తీయగానే పులిసిన వాసనతో బుడగలు కనిపించినా పారబోయాలి.