లొల్లి ఇంట్ల చదువుకునే అర్రకు

హాల్ల టీవీ, వంటింట్ల మిక్సీ, నడుమ పిల్లగాని ఇంటర్ చదువు. గోడలకు కోడిగుడ్ల అట్టలు మాత్రం అంటించకుండ్రి, అవి బయటి లొల్లిని ఆపయి. ముందుగాల తలుపు కింది సందు చూడుండ్రి. గాలి దూరేకాడల్లా చప్పుడు దూరుతది. పాత చీరను గట్టిగ చుట్టి ఆ సందుకు అడ్డం పెట్టుండ్రి. దర్వాజ చుట్టూ రబ్బరు పట్టీ అంటిస్తే సగం పని అయినట్టే. బట్టలు నిండిన బీరువను హాలు దిక్కు గోడకు జరిపితే ఇంకింత నయం. టైల్స్ అర్ర మోగుతుంటే వరంగల్ కొత్తవాడల నేసే మందపు నూలు జంపఖానా పరవాలె. అది ప్రతిధ్వనిని తగ్గిస్తది, పక్కర్ర మాటలను కాదు. బరాత్ డీజేకు ఇవేవీ పనిచేయయి, ఆ దడదడ గోడల్లకెళ్లే వస్తది.