పవర్‌పాయింట్‌లో ఫొటోలు కనిపించకపోయినా, మసకబారినా ఏం చేయాలి?

మొన్న మా మేనకోడలు పాతబస్తీ కట్టడాల మీద ప్రజెంటేషన్ చేసింది. అమీర్‌పేట హాస్టల్లో రాత్రంతా కూర్చుని చేసిన స్లైడ్లు. పొద్దున కాలేజీ కంప్యూటర్లో తెరిస్తే చార్మినార్ ఉండాల్సిన చోట ఎర్రటి ఇంటూ గుర్తు. "మామయ్యా, నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉన్నాయి!" అంటూ ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది.

కారణం ఒక్కటే. ఫొటోలు ఫైల్లోకి రాలేదు, వాటి చిరునామా మాత్రమే వచ్చింది. ఫొటో పెట్టేటప్పుడు ఇన్సర్ట్ బటన్ పక్కనున్న బాణం నొక్కితే 'లింక్ టు ఫైల్' అని ఉంటుంది. అది ఎంచుకుంటే అసలు ఫొటో మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. ఫైల్ మెనూలో ఇన్ఫో తెరవండి. కింద 'ఎడిట్ లింక్స్ టు ఫైల్స్' కనిపిస్తే ఎక్కడో లింకు ఉన్నట్టే. ఆ ఫొటో తీసేసి, ఈసారి మామూలు ఇన్సర్ట్‌తో మళ్ళీ పెట్టండి.

నమ్మకం కుదరకపోతే లోపలికి తొంగి చూడొచ్చు. ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసుకోండి. ఆ కాపీ పేరు చివర పీపీటీఎక్స్ (.pptx) బదులు జిప్ (.zip) అని మార్చి తెరవండి. పీపీటీ ఫోల్డర్, అందులో మీడియా ఫోల్డర్. మీ ఫొటోలన్నీ అక్కడ వరసగా ఉండాలి. లేని ఫొటో వేరే కంప్యూటర్లో కనిపించదు. ఎన్ని సెట్టింగులు వెతికినా ఇంత తేటగా తేల్చేది నాకు ఇంకోటి దొరకలేదు.

ఐఫోన్‌తో తీసిన ఫొటో అసలు ఎక్కనంటోందా? అది హెచ్‌ఈఐసీ (HEIC) అనే ఫైల్ రకం అయి ఉంటుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌కి వెళ్ళి 'మోస్ట్ కంపాటిబుల్' పెడితే ఇకపై తీసేవి మామూలుగా అన్నిచోట్లా తెరుచుకునే జేపెగ్ రకంలో వస్తాయి. పాతవాటిని జేపెగ్‌లోకి మార్చుకోవాల్సిందే.

ఇక మసక. ఎక్కువసార్లు తప్పు పవర్‌పాయింట్‌ది కాదు, వాట్సాప్‌ది. ఫొటోగా పంపితే కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. పవర్‌పాయింట్ కూడా సేవ్ చేసేటప్పుడు కుదిస్తుంది కాబట్టి ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో 'ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ' దగ్గర 'డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్' టిక్ చేయండి. ఈ పని ఫొటోలు పెట్టకముందే చేయాలి, ఒకసారి కుదించి సేవ్ అయిపోయిన ఫొటోకి పాత స్పష్టత తిరిగి రాదు. స్లైడ్ నిండా వచ్చే ఫొటో వెడల్పు 1920 పిక్సెళ్ళు ఉంటే ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్‌కి సరిపోతుంది.

సాగిపోయిన ఫొటోని పసిగట్టడానికి చార్మినార్ గడియారం చూడండి. ఎదురుగా తీసిన ఫొటోలో అది గుండ్రంగా ఉండాలి, కోడిగుడ్డులా ఉందంటే ఎవరో పక్క నుంచి లాగారు. పిక్చర్ ఫార్మాట్‌లో 'రీసెట్ పిక్చర్ అండ్ సైజ్' నొక్కి, ఈసారి మూల పట్టుకుని లాగండి.

అన్నీ సరిచేశాక ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వీధి చివర జిరాక్స్ షాపు కంప్యూటర్లో ఒకసారి తెరిచి, మొదటి స్లైడ్ నుంచి చివరిదాకా నడిపించి చూడండి. మా పిల్ల రెండో రివ్యూకి అదే చేసింది. ఈసారి చార్మినార్ నాలుగు మినార్లతో తెర మీదికి వచ్చింది.