నాలుగు గుంటల కుంట: అమ్మకానికి బొచ్చె, ఇంటి కూరకు పరిగె

నాలుగు గుంటలు, అంటే పది సెంట్ల కుంటలో ఏడెనిమిది నెలలు నాలుగైదు అడుగుల నీళ్లు నిలిస్తే చాలు, ఇంటికి సరిపడా చేపలు పండుతాయి. బొచ్చె, రోహు లాంటి పెద్ద చేపలు వేసేవాళ్లు చాలామంది పరిగెలనే చిన్న చేపల్ని కలుపు చేపలంటూ ఏరి పారేస్తారు. సంతకు పెంచేవాళ్ల లెక్క వేరు. ఇంట్లో పిల్లలు, బాలింతలు తినడానికైతే ఆ పరిగే కావాలి. పెద్ద చేప ముల్లు కంచం పక్కకు పోతుంది, పరిగె ముల్లు నమిలితే లోపలికి పోతుంది. కాల్షియం ఉండేది ఆ ముల్లులోనే.

ఎండాకాలంలో కుంటను పూర్తిగా ఎండనివ్వండి. మడుగు మిగిలిందా, అందులో దాక్కున్న కొర్రమీను, వాలుగ తర్వాత వేసే పిల్లల్ని మింగేస్తాయి. జానెడు మించిన బురద తీసి పొలంలో వేసి, సెంటుకు కిలో చొప్పున పది కిలోల సున్నం చల్లండి. వారం ఆగి నీళ్లు నింపి, సెంటుకు ఐదారు కిలోల పచ్చి పేడ నీళ్లలో కలిపి పోయండి. వారం పది రోజుల్లో నాచు పట్టి నీరు పచ్చబడుతుంది, అదే చేపలకు సహజ మేత. మోచేతి దాకా చెయ్యి ముంచి చూడండి: అరచేయి ఇంకా కనిపిస్తుంటే మేత తక్కువని, మణికట్టు మునగగానే మాయమైతే నాచు ఎక్కువని. ఎక్కువైతే పేడ ఆపేయాలి.

చేప పిల్లలు 200 చాలు: బొచ్చె 60, రోహు 80, ఎర్రమోసు 60. నాలుగంగుళాలకు తగ్గనివి తెచ్చుకోండి. చిటికెన వేలంత పిల్లలు చవగ్గా వస్తాయి గానీ, సగం పాములకీ కొంగలకీ పోతాయి. పొద్దున్నే, సంచిని పావుగంట కుంటలో తేలనిచ్చి, కొంచెం కొంచెంగా కుంట నీళ్లు కలిపి వదలాలి. ఊరి చెరువు నుంచి కిలో బతికున్న పరిగెల్ని బకెట్ నీళ్లలో తెచ్చి వదిలితే, అవే గుడ్లు పెట్టి పెరుగుతాయి. వాటిలో కొర్రమీను పిల్ల లేకుండా ఒక్కొక్కటే చూసుకోండి.

మేతకు తవుడు, రాత్రంతా నానబెట్టిన వేరుశనగ చెక్క సమపాళ్లలో. పిల్ల వంద గ్రాములైతే 200 చేపలకు 20 కిలోల బరువు, రోజుకు అరకిలో మేత. చేప పెరిగేకొద్దీ మేత పెంచుకోవాలి. చేత్తో చల్లకండి, సగం అడుక్కి పోతుంది. కొల్లేరు వైపు కట్టినట్టు, సంచికి అడుగున చిల్లులు పెట్టి గుంజకు కట్టండి. రెండు మూడు గంటల తర్వాత ఎత్తి చూసి, మిగిలితే మర్నాడు తగ్గించండి.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ప్రాణవాయువు తగ్గినట్టు. రాత్రి నాచు కూడా దాన్నే వాడుకుంటుంది. ముసురు పట్టిన రోజుల్లో మరీను. మేత, పేడ ఆపి, మోటారుతో కొత్త నీళ్లు ఎత్తు నుంచి పడేలా కొట్టండి. పత్తి చేలో మందు కొట్టాక వచ్చే మొదటి వరద నీరు మాత్రం కుంటలోకి రానివ్వొద్దు, గట్టు వేసి మళ్లించండి. ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటల్లో అర అడుగు మట్టి పోయకపోతే సహజ మేత సరిగా పట్టదు. గట్టు జారుడు కాబట్టి ఇంట్లో పిల్లలు పడిపోకుండా తాడు, కంచె తప్పనిసరి.

రెండు మూడు నెలలయ్యాక వారానికోసారి సన్న కన్ను వలతో అరకిలో పరిగెలు తీయండి. వలలో పడ్డ బొచ్చె పిల్లల్ని వెంటనే వదిలేయాలి. తీయకపోతే పరిగెలు కిక్కిరిసి, పెద్ద చేపల మేత తినేస్తాయి. పెద్దవి అరకిలో దాటాక ఒక్కొక్కటిగా తీసుకోవచ్చు.

వండేటప్పుడు పొలుసు గీకి, పొట్ట నొక్కి పేగు తీసి, తల ఉంచండి. మోలా లాంటి చిన్న రకాల్లో విటమిన్ ఎ ఎక్కువగా కళ్లలోనే ఉంటుంది. చింతపండు పులుసులో సన్నసెగన ఉడికిస్తే ముల్లు మెత్తబడుతుంది. ఏడాది పిల్లలకైతే ఉప్పు వేయకుండా, నేలకు తగలని వలమీద గుడ్డ కప్పి ఎండబెట్టి, దోరగా వేయించి, మెత్తగా పొడి కొట్టి జల్లించండి. ముద్దపప్పన్నంలో చెంచాడు కలపండి. తేమ తగిలితే బూజు పడుతుంది, అందుకే వారానికి సరిపడానే కొట్టుకోండి.